మంత్రిగారు మెచ్చిన ఎరుపు

పూర్వం ఒక రాజుగారి మంచం పక్కన మూడు తాళ్లు వేలాడేవి. ఒకటి లాగితే పంకా ఊగేది. ఇంకొకటి లాగితే దాసి మంచినీళ్లు తెచ్చేది. మూడోది లాగితే భటులు కత్తులు దూసి వచ్చి, రాజుగారు తప్ప గదిలో ఎవరున్నా నరికేసేవారు.

"మూడింటికీ ఎర్రరంగే వెయ్యి. చూడముచ్చటగా ఉంటుంది" అన్నాడు మంత్రి సోమనామాత్యుడు.

రంగులద్దే అచ్చమ్మ తాళ్ల వంక చూసింది. "పొరపాటు జరుగుతుందేమో బాబయ్యా..."

"నాకు చెప్పొచ్చావా?" అని కసిరాడాయన.

రాజుగారు తాడు పొరబడితే పోయేది రంగు వేసిన తన తలే. కాదంటే ఇప్పుడే పోతుంది. అచ్చమ్మ మూడింటికీ ఎర్రరంగే వేసింది.

చూడవచ్చిన రాజు, "ఉక్కగా ఉందే" అన్నాడు.

అచ్చమ్మ చేతులు జోడించింది. "ఈ అందం మంత్రిగారి ఆలోచన, ప్రభూ. తొలి గాలి వారి చేతి మీదుగా వస్తే బాగుంటుంది."

మంత్రి మురిసిపోతూ ముందుకొచ్చి, చెయ్యి చాచి, అక్కడే ఆగిపోయాడు. ఒక తాడు మీంచి ఇంకో తాడు మీదికి చూపు తిప్పాడు. నుదుట చెమటలు పోశాయి.

"ఏమయ్యా, లాగవేం?" అన్నాడు రాజు.

మంత్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పని ఇంకా పూర్తి కాలేదు, ప్రభూ! అచ్చమ్మ ఒక్కోదానికి ఒక్కో రంగు వెయ్యాలి."

"చిత్తం బాబయ్యా" అంది అచ్చమ్మ, రంగు గిన్నెలు అందుకుంటూ.