ఇరవై ఒక్క గెలుపు గంటలు

చెప్పేవాళ్ళు చెప్పగా, వినేవాళ్ళు ఊఁ కొట్టగా మన దాకా నడిచొచ్చిన కథ ఇది. అనగనగా వేములకోట అని ఒక చిన్న రాజ్యం. దాని పక్కనే నల్లగట్టు అని ఇంకో చిన్న రాజ్యం. రెంటికీ మధ్య ఒకటే కాలువ, ఆ కాలువకు ఒకటే తూము.

ఆ తూము నీళ్ళ కోసం పూర్వం కత్తులు దూసుకునేవారట. పెద్దలు కూర్చుని, కత్తులొద్దు, చెడుగుడు ఆడండి అన్నారు. అప్పటినుంచి ప్రతి మాఘ పున్నమి నాడు తూము దగ్గర ఏడుగురు ఇటు, ఏడుగురు అటు నిలబడతారు. ఎవరి ఏడుగురూ ముందు బయటకు పోతారో వాళ్ళు ఓడినట్టు. గెలిచిన రాజ్యానికి ఎండాకాలమంతా ముందు నీళ్ళు. ఓడిన రాజ్యానికి మిగిలినవి, మిగిలితే.

వేములకోటలో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. అవిసె చెట్ల నీడలో ఆకుతోట పెంచేది. తమలపాకు తీగ సుకుమారం. పది రోజులు నీళ్ళు లేకపోతే ఎండిపోతుంది, మళ్ళీ అంత తీగ రావాలంటే మూడేళ్ళు పడుతుంది. ఆమెకు చెడుగుడంటే ప్రాణం. బరి గట్టు మీద మొదటి వరసలో కూర్చుని ఏ ఆటా తప్పకుండా చూసేది. దాంతో పాటు ఆమెకు అనుమానమూ ఎక్కువే. ఆకు కోసినప్పుడల్లా ముందువైపు చూసి ఊరుకోదు, తిప్పి వెనకవైపు మచ్చ ఉందేమోనని చూస్తుంది. మనుషుల్నీ అలాగే చూసేది. ఊళ్ళో వాళ్ళు ఆమెను చూస్తే నవ్వి, అదిగో అనుమానాలమ్మ వస్తోందని చాటుగా అనుకునేవారు.

నిజానికి ఆమె అనుమానపడటానికి కారణం లేకపోలేదు. వేములకోట రాజు తిమ్మభూపతి ఒక ఆచారం పెట్టాడు. సొంత బరిలో గెలిచిన ప్రతి ఆటకూ బరి ద్వారానికి ఒక ఇత్తడి గంట కట్టాలి. ఏడాదికి మూడు ఆటలు, ఆరేళ్ళలో పద్దెనిమిది గంటలు. ఒక్కటీ తప్పలేదు. గాలి వీస్తే చాలు, కోట అంతా గణగణ మోగేది. రాజు మేడ మీద కూర్చుని ఆ మోత వింటూ మీసం దువ్వుకునేవాడు.

మరి తూము దగ్గరో? పాత ఆటగాళ్ళు ఉన్నన్నాళ్ళు అక్కడా గెలిచారు. వాళ్ళు పెద్దవాళ్ళై తప్పుకున్నాక రెండేళ్ళుగా ఓటమే. మొదటి ఏడు సుంకులమ్మ తోటలో సగం ఎండింది. రెండో ఏడు మిగిలినదాంట్లో సగం. ఈ ఏడు కూడా ఓడితే ఇక తోట అనే మాటే లేదు.

ఇంట్లో పద్దెనిమిది గెలుపులు, గడప దాటితే ఓటమి. ఈ లెక్క ఆమెకు మింగుడు పడలేదు.

ఆ ఏడు మార్గశిరంలో మొదటి ఆటకు దోసలపల్లె జట్టు వచ్చింది. గుమ్మడికాయల బండి తోలుకుని వచ్చారు. సంతకు పోతూ దారిలో ఆగారన్నమాట. ఇంటికొచ్చిన జట్టుకు ముందు భోజనం పెట్టి తర్వాత ఆడటం వేములకోట మర్యాద. దోసలపల్లె వాళ్ళు బొబ్బట్లు, నెయ్యి దండిగా తిని, ఆయాసపడుతూ బరిలో దిగారు. వాళ్ళ కళ్ళు బండి మీదే ఉన్నాయి. ఆట మధ్యలో ఒకాయన గీత దగ్గర ఆగి, సంత ఎత్తేసే వేళకు ఇది అయిపోతుంది కదా అని మనవాళ్ళనే అడిగాడు. అయిపోయింది. పంతొమ్మిదో గంట కట్టారు. జనం చప్పట్లు కొట్టారు. సుంకులమ్మ కొట్టలేదు.

రెండో ఆటకు సన్నాయి మేళం వాళ్ళ జట్టు వచ్చింది. కూతకొస్తే వాళ్ళకు సాటి లేరు. గుక్క తిప్పుకోకుండా చెడుగుడు చెడుగుడు అంటూ బరంతా మూడుసార్లు తిరగగలరు. కానీ వేళ్ళకు దెబ్బ తగిలితే సన్నాయి ఎలా వాయించాలి? అందుకని ఎవరినీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కూత పెట్టి, మర్యాదగా వెనక్కి పోయారు. ఇరవయ్యో గంట కట్టారు. ఈసారి జనం నవ్వారు. సుంకులమ్మ ఆ జట్టు చుట్టూ ఒకసారి తిరిగి, వాళ్ళ మోకాళ్ళు పరిశీలనగా చూసి వచ్చింది. ఒక్క మోకాలి మీదా గీరుడు లేదు.

మూడో ఆటకు పిలిచిన జట్టులోంచి వచ్చింది నలుగురే. మిగతా ముగ్గురూ పెళ్ళికి పోయారట. ఏడుగురు లేనిదే ఆట లేదు కనక, మన జట్టు అదనపు ఆటగాళ్ళలోంచే ముగ్గుర్ని వాళ్ళకు అరువిచ్చారు. చివరకు వాళ్ళ వైపు ఆ ముగ్గురే మిగిలారు. మనవాళ్ళను మనవాళ్ళే ఓడించుకుని ఇరవై ఒకటో గంట కట్టుకున్నారు. జనం నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఆట ముగియకుండానే చాలామంది గట్టు దిగి వెళ్ళిపోయారు.

సుంకులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆటలు కుదిర్చేది బరి పెద్ద కొండప్ప. ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో అంతా అతని చేతిలోనే ఉంది. ఇతను నల్లగట్టుకు అమ్ముడుపోయాడు, మనవాళ్ళను మెత్తబరచడానికే ఈ మెత్తటి జట్లను ఏరి తెస్తున్నాడు అని ఆమె తేల్చేసుకుంది. తేల్చుకున్నాక ఇక ఆగుతుందా? మర్నాడు పొద్దున్నే అతని ఇంటికి బయల్దేరింది.

దారిపొడుగునా అతని ఇంట్లో ఏమేమి కొత్త సొత్తు కనబడుతుందో ఊహించుకుంటూ నడిచింది. తీరా చూస్తే ఇంటి కప్పు మీద రెల్లు చివికిపోయి ఉంది. గాదె ఖాళీ. పెరట్లో ఉన్న ఒక్క మేకా బక్కదే. సుంకులమ్మ ఆ మేకను కూడా కాసేపు అనుమానంగా చూసింది. కొండప్ప మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నల్లగట్టోళ్ళు నీకేమిస్తామన్నారు కొండప్పా?" అని నేరుగా అడిగింది.

కొండప్పకు కోపం రాలేదు. అలసిపోయినవాడిలా చూశాడు.

"ఎవరూ ఏమీ ఇయ్యలేదక్కా. గట్టి జట్టును పిలవాలంటే నాకు భయం, అంతే. ఏడేండ్ల కిందట రాళ్ళదిన్నె వాళ్ళు మన బరిలో మనల్ని ఓడించిపోయినారు, గుర్తుందా? అప్పుడు బరి పెద్ద మా అన్న. గట్టు మీద నుంచి జనం మట్టిపెళ్ళలు విసిరినారు. మా అన్న నుదురు చిట్లింది. ఆ పొద్దే పెళ్ళాంపిల్లలను తీసుకొని ఊరిడిసి పోయినాడు, మళ్ళా రాలేదు. ఆ గెలుపు గంటల ఆచారం దొర పెట్టింది కూడా ఆ ఓటమి చూసినాకే."

తల దించుకుని అన్నాడు.

"మొదటి పెళ్ళ ఎవరు విసిరినారో నేను చూసినానక్కా. మొదటి వరసలోనుంచే వచ్చింది."

ఆ రోజు సుంకులమ్మకు బాగా గుర్తే. కోపంతో చేతికందిన పెళ్ళ తీసి విసిరింది తనే. ఆమె విసరడం చూసి తక్కిన వాళ్ళు విసిరారు. ఏడేళ్ళుగా ఊళ్ళో అందర్నీ తిప్పి తిప్పి చూసిందే గానీ, తన చేతిని మాత్రం ఎన్నడూ తిప్పి చూసుకోలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మంచం మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది.

తర్వాత లేచి, పద, దొర దగ్గరికి పోదాం అంది. కొండప్ప రానన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

రాజు మేడ మీద గంటల మోత వింటున్నాడు. సుంకులమ్మ దణ్ణం పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. తన మట్టిపెళ్ళ సంగతీ దాచలేదు. మాఘ పున్నమికి ఇంకా నెల ఉంది, ఈ నెలలో రాళ్ళదిన్నె జట్టును మూడుసార్లు మన బరికి పిలిపించమని అడిగింది.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. పిలిపిస్తే గెలుస్తామా అని అడిగాడు.

"గెలవం దొరా, ఓడతాం. ఇంట్లో ఓడితే పరువు పోతుంది. తూము దగ్గర ఓడితే నీళ్ళు పోతాయి. ఏది పోతే మనం బతకగలమో మీరే చెప్పండి."

రాజుకు ఆ మాట నచ్చలేదు. అయినా నీళ్ళ మాట తోసెయ్యలేక, మీసం మీది చెయ్యి దించి సరేనన్నాడు.

రాళ్ళదిన్నె వాళ్ళు గుట్ట మీద రాయి కొట్టేవాళ్ళు. కబురు అందిన మూడో రోజునే వచ్చారు. భోజనానికి రమ్మంటే, ఆడినాక తింటాం అన్నారు. ఇంత తొందరగా ఎందుకొచ్చారు, అన్నం ఎందుకు వద్దన్నారు అని సుంకులమ్మకు మళ్ళీ అనుమానం పుట్టింది. ఆట మొదలయ్యాక గానీ ఆ అనుమానం తీరలేదు. నిండిన కడుపుతో ఎవరూ ఇలా ఆడలేరు.

వాళ్ళ ఆట వేరు. మనవాడు కూతకు వెళితే ఎవరూ మీద పడేవారు కారు. రానిచ్చేవారు, ఇంకా లోపలికి రానిచ్చేవారు. మెల్లగా వెనక్కి చేరి, గీతకూ అతనికీ మధ్య నిలబడి, అప్పుడు వంగి మడమ పట్టేవారు. ఇక ఊపిరి ఎంతసేపు ఆగుతుంది? వేములకోట ఏడుగురూ బయటకు పోయేసరికి వాళ్ళలో ఇంకా అయిదుగురు బరిలోనే ఉన్నారు.

గట్టు మీద గుసగుసలు లేచాయి. ఇదేదో కుట్ర అన్నాడొకడు. కొండప్ప కావాలనే చేశాడు అన్నాడింకొకడు. నలుగురైదుగురు మట్టిపెళ్ళలు చేతిలోకి తీసుకున్నారు. కొండప్ప మొహం పాలిపోయింది.

సుంకులమ్మ గట్టు దిగి బరి మధ్యలోకి నడిచి అతని ముందు నిలబడింది.

"ఏడేండ్ల కిందట ఈడ మొదటి పెళ్ళ విసిరింది నేను. ఆ పొద్దు నుంచి మనకు ఆట నేర్పే జట్టు ఒక్కటి కూడా ఈ బరికి రాలేదు. ఈయప్పను అనుమానించినాను, మిమ్మల్నందరినీ అనుమానించినాను. తప్పు నాది. ఇయ్యాల విసరాలంటే నా మీదనే విసరండి."

ఎవరూ విసరలేదు. ఒకాయన చేతిలోని పెళ్ళను మెల్లగా కింద పెట్టి, పంచెకు చెయ్యి తుడుచుకున్నాడు.

వారం తిరిగాక రెండో ఆట. ఈసారీ ఓటమే, కానీ రాళ్ళదిన్నె వాళ్ళలో మిగిలింది ముగ్గురు. మన జట్టు నాయకుడు ఈరన్న ఆట అయ్యాక వాళ్ళతోపాటే విస్తరి ముందు కూర్చుని, మడమ ఎలా పడతారో అడిగి తెలుసుకున్నాడు. ఇంకో పది రోజులకు మూడో ఆట. అదీ ఓటమే. వాళ్ళలో మిగిలింది ఒక్కడు. వాడూ కుంటుతూ బయటకొచ్చాడు. మూడు ఆటలూ పోయాయి, ఒక్క గంటా కట్టలేదు. అయినా మూడో ఆట నాడు గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. ఓడిన జట్టు బయటకు వస్తుంటే జనం లేచి నిలబడ్డారు.

మాఘ పున్నమి వచ్చింది. రెండు రాజ్యాల జనమూ తూము దగ్గర చేరారు. నల్లగట్టు వాళ్ళు నవ్వుతూ వచ్చారు. ఇంట్లో మూడు ఆటలు వరసగా ఓడిన జట్టని వాళ్ళకు ముందే కబురు అందింది మరి.

ఆ నవ్వు చూశాక సుంకులమ్మ అనుమానాలు మళ్ళీ లేచాయి. మధ్యవర్తులను అనుమానించింది, గీత వంకరగా గీశారేమోనని వంగి చూసింది, చివరకు పైన పోతున్న మేఘాన్ని కూడా అనుమానించింది. ఆట సాగింది. ఇటొకడు పోతే అటొకడు పోయాడు. పొద్దు వాలేసరికి ఇటు ఈరన్న ఒక్కడు, అటు నల్లగట్టు నాయకుడు ఒక్కడు మిగిలారు.

కూత నల్లగట్టువాడిది. చెడుగుడు చెడుగుడు అంటూ వచ్చాడు. పాత ఈరన్న అయితే ఎగిరి మీద పడేవాడు, వాడు తప్పించుకుని ఒక తట్టు తట్టి పోయేవాడు. ఈరన్న కదల్లేదు. వెనక్కి జరిగాడు, ఇంకా జరిగాడు. వీడు జడిశాడనుకుని నల్లగట్టువాడు చివరి దాకా వచ్చాడు. ఈరన్న పక్కకు జారి, గీతకు అడ్డంగా తిరిగి, వంగి మడమ పట్టాడు. కూత సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగింది.

వేములకోట జనం ఎగిరి గంతులేశారు. సుంకులమ్మ వెయ్యలేదు. నల్లగట్టు వాళ్ళు కావాలని ఓడారేమో, తూము తలుపు ఎత్తరేమో, ఎవరు చూశారు? ఆమె నేరుగా తోటకు పోయి, కాలువ పక్కన నిలబడింది. నీళ్ళు వచ్చి పాదాలు తడిపాయి. అప్పుడు నమ్మింది. నమ్మి, తీగల మధ్య కూర్చుని ఏడ్చింది.

మర్నాడు రాజు సభ చేశాడు. ఈరన్నకు శాలువా కప్పి, వచ్చే ఏడు మన బరికి మొదట ఎవరిని పిలుద్దామని అడిగాడు. అలవాటు చొప్పున అందరూ కొండప్ప వైపు చూశారు. కొండప్ప సుంకులమ్మ వైపు చూశాడు. ఆమె కొండప్పకు చేతులు జోడించి, ఈ మాట నువ్వే చెప్పాలి అంది.

"నిన్న తూము కాడ ఓడినారే, ఆ నల్లగట్టోళ్ళనే పిలుద్దాం దొరా," అన్నాడు కొండప్ప. "ఓడినారు గనక, అప్పటికి ఏడాదంతా వాళ్ళు మనకంటే గట్టిగా ఆడి ఉంటారు."

పిల్లలూ, ఇందులోని నీతి ఇది: సులువైన గెలుపులు మనల్ని మెచ్చుకుంటాయే గానీ ఏమీ నేర్పవు; గట్టివాడి చేతిలో ఓటమి నేర్పుతుంది, ఓడినవాడి మీద మట్టిపెళ్ళ విసరని ఊళ్ళోనే ఆ చదువు సాగుతుంది.