నూకాలు తిన్న ముద్ద

శిఖామణి వైద్యులుగారు శిష్యులకు పాఠం చెప్పేటప్పుడు శాస్త్రంలో ఉన్నదంతా దాచకుండా చెప్పేవారు. శాస్త్రం ఆగిపోయిన చోట మాత్రం తన చేతి మీదుగా నడిచిన ఒక రోగి సంగతి చెప్పి ఊరుకునేవారు. ఆ సంగతుల్లో ఆయన గెలిచినవి తక్కువ.

ఒకనాటి ఉదయం మందు నూరుతూ అనంతుడనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, పథ్యం తప్పితే ప్రాణం మీదికొస్తుందని రోగికి విడమరిచి చెప్పాం. అయినా వినడు. అప్పుడు ఇంట్లోవాళ్ళ చేత బలవంతానైనా చేయించవద్దా? ప్రాణం నిలపడం కంటే వైద్యుడికి వేరే ధర్మం ఏముంది?"

"నీ వయసులో నేనూ అలాగే చేయించాను," అన్నారు వైద్యులుగారు. తర్వాత చెప్పిన సంగతి ఇది.

సముద్రపు ఒడ్డున ఒక జాలరిపేటలో నూకాలు అనే ఆమె ఉండేది. పుట్టుకతోనే కాళ్ళు మెలిపడ్డాయి. మాట నోట్లోనే ముద్దయిపోయేది. నడవలేదు గాని, అరచేతులు నేలకు ఆనించి, కూర్చునే జరుగుతూ ఇసుకలో ఎంత దూరమైనా పోయేది. చేతులు వణికేవి, వల సూది పట్టుకుంటే మాత్రం ఆ వణుకుతోనే ముడి పడేది. పేటలో చిరిగిన వలలన్నీ ఆమె ఒళ్ళోకే వచ్చేవి. అమ్మానాన్నలు పోయాక అన్న పోలయ్య దగ్గర ఉండేది. చిన్ననాటి నుంచీ ఆమెను భుజాన మోసినవాడు పోలయ్య.

నలభయ్యో ఏట ఆమెకు మింగడం కష్టమైంది. తిన్నప్పుడల్లా పొలమారేది. ఒక్క ఏడాదిలోనే మూడుసార్లు ఛాతీలో కఫం కట్టి జ్వరం కాసింది. మూడోసారి బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. అది తగ్గాక వైద్యులుగారు పోలయ్యను పిలిచి గట్టిగా చెప్పారు. అన్నం వద్దు, చేప వద్దు, చిక్కటి జావ మాత్రం చెంచాతో పట్టాలి. ఒడ్డు గాలి తగలకూడదు, ఇల్లు కదలనివ్వొద్దు. వల చేతికిస్తే ఒడ్డుకు పోతానంటుంది కనుక వలా ఇవ్వొద్దు. ఇదంతా పోలయ్యతోనే చెప్పారు. నూకాలు ఆ పక్కనే కూర్చుని ఉంది.

మూడు నెలలు జ్వరం లేదు. తన వైద్యం ఫలించిందన్న తృప్తితో వైద్యులుగారు పేటకు వెళ్ళారు. నూకాలు మూలన గోడవైపు తిరిగి ఉంది.

"మీ చెల్లెలు జావ సరిగా తాగుతోందా?" అని పోలయ్యను అడిగారు.

నూకాలు అరచేత్తో నేల మీద కొట్టింది. ఏదో అంది. ఆయనకు అర్థం కాలేదు.

"ఏటో అంటది లెండి, బాబూ," అన్నాడు పోలయ్య.

ఆమె మళ్ళీ నేల కొట్టింది. వైద్యులుగారు ఈసారి ఆమె ఎదురుగా కింద కూర్చున్నారు. మూడోసారి చెప్పాక గాని ఆ మాట ఆయనకు తెలియలేదు.

"నా గొంతు సంగతి మా అన్ననడుగుతారేటి?"

 ఆమే మళ్ళీ అడిగింది: "కూడు తింతే ఏటవుద్ది?"

ముద్ద దారి తప్పి ఊపిరితిత్తుల్లో పడుతుందని, జ్వరం వస్తుందని, అందులో పోవచ్చని ఆయన చెప్పారు. ఎప్పుడని అడిగింది. నెలకో, ఏడాదికో, తెలియదన్నారు. జావ తాగితే రాదా అంది. రావడం తక్కువ, అసలు రాదని చెప్పలేనన్నారు. చెబుతుంటేనే ఆయనకు తట్టింది, ఇంతవరకు ఈ మాటలు పోలయ్యకు చెప్పారు గాని ఆమెకు చెప్పలేదని.

నూకాలు చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్కో మాటే కూడదీసుకుని అంది: "మూణ్ణెల్లుగా గోడ సూత్తన్నాను. అందరూ తిన్నాక నాకు తాపుతారు. నాను అందరితో కూకుని తింటాను. ఒడ్డుకి పోతాను. జొరమొత్తే రానీ."

పోలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "నా సేత్తో ముద్దెట్టి నిన్ను సంపుకోమంటావేటే?"

"నిన్నెట్టమన్నానా? నా సేత్తో తింటాను."

నీ ఇష్టం అనేసి లేచి రావడం తేలిక. వైద్యులుగారు అలా రాలేదు. నాలుగు రోజులు పేటలోనే ఉండి నేర్పారు. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం గుండెకేసి వంచి మింగాలి. ఉసిరికాయంత ముద్ద, రెండేసి గుటకలు. అన్నం మెత్తగా పిసకాలి, చేపలో ముల్లు ఏరాలి. అన్నిటికీ ఒప్పుకుంది. నలుగురిలో నవ్వితే పొలమారుతుంది గనుక విడిగా తినమంటే మాత్రం ఒప్పుకోలేదు.

మొదటి రోజు ఇంటిల్లిపాదీ కలిసి తినడానికి కూర్చున్నారు. మూడో ముద్దకు పొలమారింది. ముఖం నల్లబడింది. పోలయ్య కంచం వదిలి లేచాడు. నూకాలు అరచెయ్యి పైకెత్తి అతన్ని అక్కడే ఆపింది. దగ్గి దగ్గి, ఊపిరి తిరిగాక, మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టింది. ఆ పూట పోలయ్య తినలేకపోయాడు.

ఆమె ఏడాది నాలుగు నెలలు బతికింది. రోజూ ఒడ్డుకు పోయి వలలు బాగుచేసింది. మధ్యలో రెండు జ్వరాలు వచ్చి తగ్గాయి. మూడోది వానాకాలంలో వచ్చింది. ఏం చేయమంటావని వైద్యులుగారు ఆమెనే అడిగారు. "జొరమున్న ఈ నాలుగు రోజులూ జావే ఇయ్యమను," అంది. ఇచ్చారు. అయిదో రోజు పోయింది.

కర్మకాండ అయ్యాక పోలయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "జావ మీదే ఉంచితే బతికుండేదా, బాబూ?"

"ఉండేదేమో, పోలయ్యా," అన్నారు వైద్యులుగారు. ఓదార్పుకైనా అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాలేదు.

అనంతుడు నూరడం ఎప్పుడో ఆపేశాడు. "అయితే గురువుగారూ, ఆమె మాట విని తమరు పొరపాటు చేసినట్టే కదా?"

"అది పోలయ్య అడిగాడు, పేట అడిగింది, నన్ను నేనే చాలాసార్లు అడిగాను," అన్నారు వైద్యులుగారు. "ఆ అయిదు రోజులూ ఆమె పక్కనే కూర్చున్నాను, అనంతా. ఆమె మాత్రం ఒక్కసారీ అడగలేదు."