కోనాం వీపున మసేను తలగుడ్డ

ఒకప్పుడు కొమ్ముకోనాం చేప వీపు మీద ఏమీ ఉండేది కాదు. మూతికి బల్లెం లాంటి పొడుగాటి కొమ్ము, నున్నటి నీలం ఒళ్ళు, అంతే. సముద్రంలో దానంత జోరుగా ఈదే చేప ఇంకోటి లేదు. ఆ సంగతి దానికీ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

ఆ రోజుల్లో ఒడ్డునున్న జాలర్లకి ఒక పిచ్చి పట్టింది. కోనాన్ని పట్టినవాడు దాని కొమ్ము కోసి తెచ్చి, గుమ్మం ముందు ఇసకలో పాతుకునేవాడు. కూటికైతే కవళ్ళు, కానాగంతల్లాంటి చిన్న చేపలున్నాయి. కోనాన్ని మాత్రం పేరు కోసం పట్టేవాళ్ళు. గేలానికి తగిలిన కోనాం పూటంతా పెనుగులాడుతుంది మరి. దాన్ని లొంగదీసినవాడే మొనగాడు.

అలా ఒడ్డున మొనగాళ్ళు పెరిగారు, నీళ్ళలో కోనాలు తరిగాయి. ఇలాగైతే రేపేం పడతామని ఒక్క మొనగాడూ అడగలేదు. అడిగితే మొనగాడెలా అవుతాడు?

మిగిలిన ఆ కాసిని కోనాల్లో నీలాలు ఒకతె. ఆమె కడుపు నిండా గుడ్లు. సముద్రపు తల్లి గంగమ్మ ఆమెను దగ్గరికి పిలిచింది.

"జాగర్త తల్లీ. ఈ యేడు గుడ్లతో ఉన్నది నువ్వొక్కదానివే. అవి పెట్టేదాకా తెప్పలున్న వైపు పోకు."

"నన్నెవడు పడతాడమ్మా? నా తోక కూడా ఎవడి కంటా పడదు!" అని నీలాలు పకపకా నవ్వింది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి గేలానికి తగులుకుంది. అంత జోరుగా పోయేవాళ్ళు ఎదురుగా ఉన్నది ఎరో, మామూలు చేపో ఆగి చూసుకోరు కదా!

గేలం వేసినవాడు మసేను. వాడితో రెండు మాటలు మాట్లాడితే అందులో ఒకటి వాడి గొప్పే ఉంటుంది. నీలాలు ఎగిరింది, మునిగింది, తెప్పను ఎంతో దూరం లాక్కుపోయింది. చివరికి ఒంట్లో శక్తంతా అయిపోయి తెప్ప పక్కన తేలింది. మసేను కత్తి తీశాడు.

"అన్నా, కడుపుతో ఉన్నాను. ఒగ్గెయ్యన్నా!" అని ఏడ్చింది నీలాలు.

"మరీ మంచిది. బరువెక్కువుంటావు," అన్నాడు మసేను.

"నేను పోతే మా జాతే పోద్దన్నా!"

"పోనీ! ఆకరి కోనాన్ని పట్టినోడు మసేనేనని నా మునిమనవలు కూడా సెప్పుకుంటారు."

ఏడ్చి లాభం లేదని నీలాలుకి అర్థమైంది. వీడికి జాలి లేదు. మరేముంది? గొప్ప ఉంది. కావలసినంత ఉంది. వెంటనే ఏడుపు మింగేసి అడిగింది.

"నా కొమ్ము మీ గుమ్మం ముందు పాతితే ఎవరెవరు సూత్తారన్నా?"

"మా పేటంతా సూత్తాది."

"పేటేనా! నీలాంటోడికి అది ఏ మూలకి? నేను బతికుంటే ఉత్తరాన గోపాలపురం పోతాను, దక్షిణాన చెన్నపట్నం పోతాను, లంక దాకా పోతాను. నీ గురుతేదైనా నా ఒంటికి కట్టి పంపు. నన్ను పట్టిన ప్రతివోడూ, దీన్ని ముందే పట్టి ఒగ్గేసిన మొనగాడెవడ్రా అని నోరెళ్ళబెడతాడు."

మసేను కత్తి దించాడు. లంక దాకా! వాడి మీసం దానంతటదే పైకి లేచింది. తలకి చుట్టుకున్న నీలం గుడ్డ విప్పాడు. ఆ గుడ్డ వాడిదేనని తీరమంతా ఎరుగుదురు. వల కుట్టే సూదితో దాన్ని నీలాలు వీపున గబగబా కుట్టేశాడు. నీలాలుకి ప్రాణం జివ్వుమంది. గుడ్లను తలచుకుని పళ్ళు బిగించింది.

కుట్టడం అయ్యేసరికి ఆమె ఒక పక్కకి ఒరిగిపోయింది. మసేను సూది పారేసి ఆమెను పట్టుకున్నాడు.

"ఓలమ్మో! నువ్వు సత్తే నా పేరెవులు మోత్తారే!"

ఇక చూడాలి వాడి సేవ! ఆమెను నీళ్ళలోంచి పైకి తియ్యలేదు. మూతికున్న గేలాన్ని మెల్లిగా తప్పించాడు. ఒక చేత్తో కొమ్ము పట్టుకుని, ఇంకో చేత్తో తెడ్డు వేస్తూ, ఆమె మొప్పల్లోకి నీళ్ళు పారేలా ముందుకు నడిపించాడు. పెళ్ళానికి జ్వరమొచ్చినప్పుడు మంచినీళ్ళు కూడా అందించనివాడు, చేపకి ఊపిరాడేదాకా పక్కనే ఉన్నాడు. నీలాలు తోక ఆడించింది, కదిలి వెళ్ళిపోయింది.

ఒడ్డుకొచ్చి మసేను ఈ కథ చెబితే ఒక్కరూ నమ్మలేదు. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు దానయ్య. వాడికీ మసేనుకీ పోటీ.

"పట్టి ఒగ్గేసినావా? నానూ నిన్న తిమింగలాన్ని పట్టి ఒగ్గేసినాన్రా!" అన్నాడు.

మర్నాటికి కూడా నీలాలు ఇంకా గుడ్లు పెట్టలేదు. కుట్టిన చోట సలుపు, పెనుగులాటతో నీరసం, పైగా ఆకలి. దొరికిన చేపను ఆత్రంగా నోట కరుచుకుంది. అందులో గేలముంది. దాని తాడు దానయ్య చేతిలో ఉంది!

దానయ్య ఆమె వీపున ఉన్న నీలం గుడ్డ చూశాడు. వాడి మొహం మాడిపోయింది.

"మసేనుగాడు సెప్పింది నిజమేనేటి!" అని గుడ్డ పీకెయ్యబోయాడు.

"పీకితే కుట్లు కనబడవా అన్నా?" అంది నీలాలు.

"అయితే ముక్కలు కోసి ఈడే పారేత్తాను. నువ్వూ ఉండవు, వోడి గుడ్డా ఉండదు."

నీలాలు ఆలోచించింది. మసేనుకి పేరు రావాలని ఉండేది కాబట్టి ఆమె బతికింది. దానయ్యకి పక్కవాడి పేరు పోతే చాలు. ఇలాంటివాడితో ఏం బేరమాడాలి? కడుపులో గుడ్లు బరువుగా కదిలాయి. భయాన్ని కనబడనివ్వకుండా అంది:

"పారెయ్. అప్పుడు నువ్వు నన్ను పట్టినట్టు కూడా ఎవులికీ తెలవదు."

దానయ్య చెయ్యి ఆగింది.

"గుడ్డ మీద బోలెడు సోటుందన్నా. నీ గురుతు వోడి కుట్టుకి పైన పెట్టు. సూసినోళ్ళకి ముందర నువ్వే కనబడతావు."

దానయ్య ఎర కోసం తెచ్చుకున్నవాటిలో సిరా చిమ్మే చేప ఒకటుంది, దాని కడుపు నిండా నల్లటి సిరా. వాడు అందులో బొటనవేలు ముంచి, గుడ్డ మీద ఎంత పైన కుదిరితే అంత పైన అద్దాడు. తరవాత మసేను కన్నా జాగ్రత్తగా గేలం తీసి, మసేను కన్నా ఎక్కువసేపు నీళ్ళలో నడిపించి వదిలాడు. అందులోనూ పోటీయే!

ఆ రాత్రే నీలాలు నడిసముద్రంలో గుడ్లు పెట్టింది. ఎన్నాళ్ళకో ఆమెకు హాయిగా ఊపిరాడింది.

తరవాత ఆమె ఎక్కడ దొరికినా అదే తంతు. పట్టినవాడు గుడ్డ చూసేవాడు, తన వేలు కూడా అద్ది వదిలేవాడు. గోపాలపురం నుంచి కబురొచ్చింది, "మీ కోనాం మా ఊరొచ్చింది" అని. లంక నుంచీ వచ్చింది. కోనాలు ఎంత దూరం తిరుగుతాయో, ఏ కాలంలో ఎటు పోతాయో జాలర్లందరికీ తెలిసిపోయింది. తెలుసుకుందామని మాత్రం ఎవరూ అనుకోలేదు.

చచ్చిన కోనాం గుమ్మం దగ్గరే ఉంటుంది, బతికిన కోనాం ఊరూరా పేరు మోస్తుంది. ఆ మాట అందరికీ ఎక్కింది. కొమ్ములు పాతడం మానేసి, దొరికిన ప్రతి కోనానికీ ఒక గుడ్డ కుట్టి వదలసాగారు. కొన్నాళ్ళకి సముద్రంలో కోనాలు మళ్ళీ కళకళలాడాయి. అప్పుడు మసేనూ దానయ్యా ఒకే అరుగు మీద కూర్చుని, "మావోళ్ళకి మొదట్నించీ జాలి గుండె," అని చెప్పుకున్నారు. గంగమ్మ నవ్వలేక చచ్చింది.

నవ్వుతూనే ఆ తల్లి ఒక పని చేసింది. పాపం, పుట్టే ప్రతి పిల్లనీ సూదితో గుచ్చడమెందుకని, నీలాలు వంశపు పిల్లలందరికీ వీపు మీద నీలం గుడ్డను తనే మొలిపించింది. దాని మీద నల్లటి వేలిముద్రలు కూడా తనే అద్దింది.

అప్పటినుంచే కొమ్ముకోనాం వీపు మీద చుక్కల చుక్కల నీలి తెరచాప ఉంటుంది. జోరుగా పోయేటప్పుడు దాన్ని మడిచి వీపులో దాచుకుంటుంది. గేలానికి తగిలిందంటే మాత్రం నీళ్ళ మీదికి ఎగిరి, తెరచాపంతా విప్పి ఆడిస్తుంది. పట్టినవాడు "అబ్బ, ఎంత పౌరుషం!" అనుకుంటాడు. పౌరుషమూ కాదు, పాడూ కాదు. "నీ వేలుకి కూడా ఇక్కడ చోటుంది నాయనా, అద్దేసి వదిలెయ్యి," అని చూపిస్తోంది.