ముత్తెమ్మ మూడుపనుల ముల్లు

అనగనగా అంటే చాలదు, ఇంకా బాగా వెనక్కి వెళ్లాలి. మబ్బులు ఆకాశంలో కాకుండా వీధుల్లోనే తిరుగుతూ, అలిసిపోతే అరుగుల మీద కూర్చునే రోజులవి. ఆ రోజుల్లో గొళ్లెంపురం అనే పట్నం ఉండేది.

ఆ పట్నంలో పాటలను కూడా పెట్టెల్లో పెట్టి తాళం వేసుకునేవారు. నవ్వకండి! మీ ఇంట్లో ఊరగాయను జాడీలో పెట్టి వాసెన కట్టడం లేదూ? అలాగే.

ఆ ఊరివాళ్లకు ఇంకో సరదా కూడా ఉండేది. తాళంచెవి లేకుండా తాళాలు తీయడం. దొంగతనానికి కాదు సుమా! తాళం ఎవరిదో వాళ్లే తెచ్చి చేతిలో పెట్టి, "తియ్యి చూద్దాం" అనాలి. ఆ మాట వినబడందే ఎవరూ వేలు కూడా పెట్టేవారు కాదు.

ముత్తెమ్మ కొమ్ము దువ్వెనలు చేసుకు బతికేది. పని అయిపోగానే తాళాల ముందు కూర్చునేది. ఒక పాత రంపం బద్దను నెలల తరబడి ఆకురాయితో అరగదీసి ఒక పనిముట్టు చేసింది. ఒక కొసన కొక్కెం, తాళం లోపలి మీటలను ఎత్తడానికి. రెండో కొసన సన్నని పళ్లు, మొండికేసిన మీటలను దువ్వడానికి. నడుమ నుంచి ఊడివచ్చే వంకర పుల్ల, తాళాన్ని మెల్లగా తిప్పిపట్టడానికి. పట్టుకోవడానికి గేదెకొమ్ము పిడి. దానికి మూడుపనుల ముల్లు అని పేరు పెట్టుకుంది.

గోడకు వేలాడే పన్నెండు తాళాలూ దానికి టకటకా తెరుచుకున్నాయి. ముత్తెమ్మ మురిసిపోయింది.

"చూశావుటే బల్లీ! లోకంలో దీనికి లొంగని తాళమే లేదు."

బల్లి పలికిందంటే నిజమేనని అందరికీ తెలుసు. అందుకే ఆ ఊళ్లో బల్లితో కబుర్లాడటానికి పెద్దపెద్దవాళ్లు కూడా జంకేవారు. గోడమీది బల్లి తోక ఊపింది.

"అత్తా, ఆ పన్నెండు తాళాలూ ఎవరు చేశారు?"

"ఇంకెవరు? నేనే!"

"మరింకేం! నువ్వు పెంచిన పిల్లులు నువ్వు పిలిస్తే రాకేం చేస్తాయి? పక్కింటి పిల్లిని పిలిచి చూడు."

ముత్తెమ్మ దువ్వెన తీసి విసిరింది. బల్లికి తగల్లేదు. బల్లి మాట మాత్రం ముత్తెమ్మకు తగిలింది.

సరిగ్గా అప్పుడే వీధిలో దండోరా వినిపించింది. రాణిగారి చంటిపాప ఏడు రోజులుగా నిద్రపోవడం లేదట. పాపను నిద్రపుచ్చే పాట ఒక్కటే, రాణిగారి తల్లి పాడిన జోల. అదేమో గంధపు పెట్టెలో ఉంది. దాని తాళంచెవి కాస్తా మబ్బులో జారిపోయింది. పెట్టె పగలగొడితే పాట పగిలిపోతుంది. తాళాన్ని మూడుసార్లు తప్పుగా తిప్పితే పాట ఇగిరిపోతుంది. నాలుగో రోజు పొద్దున, తీయగలిగినవాళ్లు కోటకు రావాలి.

ముత్తెమ్మ ముల్లు పట్టుకుని నేరుగా కమ్మరి మల్లోజు కొలిమికి వెళ్లింది. మల్లోజు పనిముట్టుకు ఏడు పుల్లలు. నెమలి పురిలా విప్పి చూపించేవాడు. వాటిలో ఒకటి చెవిలో గుబిలి తీసుకోవడానికి.

"అన్నా, నువ్వు చేసిన తాళం ఒకటి ఇవ్వు."

"ఏం దువ్వెనమ్మా, తాళానికి తల దువ్వుతావా?" అని నవ్వి, మల్లోజు ఒక తాళం చేతిలో పెట్టాడు. "తియ్యి చూద్దాం!"

కొక్కెం లోపలికే పోలేదు. మరీ లావు! కొలిమి చుట్టూ చేరినవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ముత్తెమ్మ అక్కడే చతికిలబడి కొక్కేన్ని అరగదీసింది. పొద్దు వాలేసరికి తాళం తెరుచుకుంది.

"నా తాళం కూడా ఒకటి తీసి చూడు అన్నా."

"నా పనిముట్టుకు పరీక్షా? నేను చేసిన తాళాలన్నీ తీసింది, చాల్లే!"

మర్నాడు కంసాలి కనకలింగం ఇంటికి వెళ్లింది. ఆయన పనిముట్టుకు ఇరవై ఒక్క పుల్లలు, వెండి పిడి. ఆయన తాళంలోకి కొక్కెం చక్కగా దూరింది కానీ, మీట కదిలిందో లేదో ముత్తెమ్మ వేళ్లకు తెలియలేదు. లావుపాటి పిడి ఆ చిన్న అదురును మింగేస్తోంది. పిడిని తమలపాకు తొడిమంత సన్నగా చెక్కింది. అప్పుడు తెరుచుకుంది.

"నా తాళం కూడా చూస్తావా బాబాయ్?"

"నాకు తీరిక లేదమ్మా, వెండికి మెరుగు పెట్టుకోవాలి" అన్నాడు కనకలింగం.

నాలుగో రోజు వచ్చింది. ఏడ్చి ఏడ్చి పాప గొంతు బొంగురుపోయింది. రాణిగారి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"చిటికెలో తీస్తా" అన్నాడు మల్లోజు. కొక్కెం పట్టలేదు. బలంగా తోసి తిప్పాడు. టంగ్! ఒకటి.

"చిటికె కూడా అక్కర్లేదు" అన్నాడు కనకలింగం. పుల్ల మీద పుల్ల మార్చాడు. ఇరవై ఒకటో పుల్ల జారి తాళం తప్పుగా తిరిగింది. టంగ్! రెండు.

రాణిగారు పెట్టెను ముత్తెమ్మ ఒడిలో పెట్టారు. "తియ్యి చూద్దాం తల్లీ. తీస్తావు కదూ?"

"చెప్పలేనమ్మా" అంది ముత్తెమ్మ. "మొదటి తాళం దగ్గర నా కొక్కెం ఓడింది. రెండో దాని దగ్గర పిడి ఓడింది. దీని దగ్గర ఏది ఓడుతుందో! తేడాగా ఉంటే మాత్రం తిప్పను, ఆగిపోతాను."

రాణిగారు ఆ ఇద్దరి వంకా చూశారు. "తీస్తామన్నవాళ్లు ఇద్దరూ తీయలేదు. తెలియదన్నదానివి నువ్వొక్కతెవే. నువ్వే తియ్యి."

ముత్తెమ్మ కళ్లు మూసుకుంది. మొదటి మీట లేచింది. రెండోది లేచింది. మూడోది బిగుసుకుపోయింది. వంకర పుల్ల మరీ గట్టిది, పాత తాళాన్ని నొక్కేస్తోంది. ముత్తెమ్మ పుల్లను బయటికి లాగేసింది.

"అయిపోయింది, ఓడిపోయింది!" అన్నాడు మల్లోజు.

"అవునన్నా, పుల్ల ఓడింది" అని ముత్తెమ్మ కొంగులోంచి ఆకురాయి తీసింది. పాప ఏడుస్తూనే ఉంది. ముత్తెమ్మ తొందరపడలేదు. పుల్ల గడ్డిపరకలా వంగేదాకా అరగదీసి, మళ్లీ తాళంలో పెట్టింది.

ఒకటి. రెండు. మూడు.

టిక్.

పెట్టె మూత దానంతట అదే లేచింది. లోపలి నుంచి తెల్లని పొగమంచులా పాట వచ్చింది. గంధం వాసనేసే పాట. అది పాప ఉయ్యాలను ఒకసారి ఊపి, రాణిగారి జుట్టు సవరించి, కోటంతా మెల్లగా నిండింది. పాప పిడికిలి విప్పి నిద్రపోయింది. పాప పక్కనే రాణిగారు కూడా ఒరిగిపోయారు. మంత్రిగారు నిలబడే నిద్రపోయారు. ఆయన భుజం మీద తల వాల్చి మల్లోజు గురక పెట్టాడు. చివరికి వీధుల్లోని మబ్బులు కూడా ఎక్కడివక్కడ సద్దుమణిగాయి.

అందుకే పిల్లలూ, మనం చేసిన వస్తువు విలువ మనకు లొంగేవాటి దగ్గర కాదు, మనల్ని ఓడించేవాటి దగ్గరే తెలుస్తుంది.