ప్రెసిడెంటు గారి మొదటి పంక్తి

ప్రెసిడెంటు భూషణం ఐఫోన్ కొన్నప్పటి నుంచి ఆండ్రాయిడ్ వాళ్లను మనుషుల్లో లెక్కేయడం మానేశాడు. తన గృహప్రవేశం భోజనాల్లోనైతే ఏకంగా, "మొదటి పంక్తి ఐఫోన్ వాళ్లకే! మిగతావాళ్లు ఆగాలి" అనేశాడు.

దర్జాగా కూర్చున్నాడు. విస్తళ్లు వేశారుగానీ ఎంతకీ వడ్డన రాలేదు.

"ఏమే మాలచ్చీ, నిద్రపోతున్నావా?" అని వంటామె మీద కేకలేశాడు.

మాలచ్చి ఖాళీ గరిటెతో వచ్చింది. "తమరి మాట ప్రకారమే చేస్తన్నానండి. బియ్యం ఇచ్చిన రైతుదీ, కూరలు తెచ్చిన ఆటో అబ్బాయిదీ, పాలు పోసినామెదీ, వండిన నాదీ, అన్నీ ఆండ్రాయిడ్లే. మా చేతుల మీదుగా వచ్చిన తిండి ఈ పంక్తిలో ఎలా పెట్టమంటారు? తమరికి తగింది ఏదన్నా ఉందేమోనని గుండిగలన్నీ వెతికానండి. ఏమీ లేదు."

ఎవరూ నవ్వలేదు. భూషణానికి అదే ఎక్కువ గుచ్చుకుంది. తల తిప్పుకున్నాడు. గుమ్మం అవతల, తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్క మంగతాయి నిలబడి ఉంది.

గబగబా వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, వచ్చి నా చోట్లో కూర్చో."

మంగతాయి కంగారుగా కొంగు సర్దుకుంది. "నా ఫోను ఎవరికీ కనబడకుండా దాచానులేరా. నీ పరువుకేం కాదు."