ఏటి నడుమ జేగంట

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, చండకేతు అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే వారానికో కొత్త నిబంధన చేయకపోతే ఆయనకు రాజ్యం ఏలుతున్నట్టే ఉండేది కాదు.

కూలీలు ఎండకు సొమ్మసిల్లి పడిపోతున్నారని ఒకసారి ఆయన చెవిన పడింది. మనసు కరిగింది. "పని చేయించుకునే ప్రతి యజమానీ మధ్యాహ్నం పూట కూలీలకు విశ్రాంతి ఇవ్వాలి" అని దండోరా వేయించాడు. జనం చేతులెత్తి మొక్కారు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! మరుసటి వారం, విశ్రాంతి భోజనానికి ముందన్నాడు. ఆ పై వారం, కాదు తర్వాతన్నాడు. చివరికి కోట బురుజు మీద పెద్ద జేగంట కట్టించి, "మధ్యాహ్నం ఇది మోగగానే ఎక్కడి పని అక్కడే ఆగాలి. ఆ తర్వాత పని చేయించిన యజమాని వాకిలికి ఏడాదిపాటు తాళం!" అని చాటించాడు. యజమానులకు ఏ పూట ఏ నిబంధన నడుస్తోందో తెలియక తల తిరిగిపోయింది.

ఆ కొలువులో పేరంభట్టు అనే చమత్కారి ఉన్నాడు. రాజు కోట దాటేటప్పుడల్లా ఆయన బిరుదులు చదవడం అతని పని. బిరుదులన్నీ పూర్తయ్యేదాకా పల్లకీ లేవకూడదని ఆ వంశపు ఆచారం.

ఒక సాయంత్రం ఏటి అవతలి ఒడ్డున బెల్లం గానుగ నడిపే సింగమ్మ ఏడుస్తూ అతని అరుగు దగ్గరికి వచ్చింది.

"అయ్యా, నా కొంప మునిగింది! గంట మోగాక పొయ్యి మండుతోందని భటులు పట్టుకున్నారు. రేపు రాజుగారే వచ్చి స్వయంగా తాళం వేస్తారట."

"ఎందుకు మండించావమ్మా?"

"పాకం ముదిరే వేళకు గంట మోగింది బాబూ! కలపడం ఆపితే మాడి బొగ్గయిపోదూ? దించేసి, ఆ వెంటనే అందర్నీ కూర్చోబెట్టి మజ్జిగలు పోశాను. విశ్రాంతి ఎగ్గొట్టలేదు, ఒట్టు! చెరుకంతా కోతకొచ్చి ఉంది. ఇప్పుడు గానుగకు తాళం పడితే నాతోపాటు నా కూలీల పొయ్యిలూ ఆరిపోతాయి."

రాజు చేసింది మంచి నిబంధనే, దాని మంచే ఇలా చెడుతోందే అని పేరంభట్టు బాధపడ్డాడు. కాసేపు గడ్డం గోక్కుని, "తల్లీ, రేపు గంట మోగగానే నువ్వు పని ఆపెయ్" అన్నాడు.

"పాకం మాడిపోతుందయ్యా!"

"మాడనీ. పెనం చిన్నదే పెట్టుకో. మిగతాది నేను చూసుకుంటాను."

తెల్లవారగానే అతడు పల్లకీ మోసే బోయీల దగ్గరికి వెళ్లాడు. "ఏమోయ్ ముత్యాలూ, గంట మోగితే ఏం చేయాలో దండోరాలో విన్నావా?" అని బోయీల పెద్దను అడిగాడు.

"విన్నాం సామీ."

"మరిచిపోకండి. రాజాజ్ఞ!"

ఇక రాజు పల్లకీ ఎక్కి కూర్చున్నాడు. పేరంభట్టు గొంతు సవరించుకుని బిరుదులు అందుకున్నాడు. అబ్బో, ఆ రోజు చదివినంత నింపాదిగా ఎన్నడూ చదవలేదు! ఒక్కో బిరుదుకు రాగం తీశాడు, మధ్యలో మంచినీళ్లు తాగాడు, రెండు కొత్తవి కూడా కలిపాడు. రాజు మీసం మెలేస్తూ, "బాగుంది, అది మళ్లీ చదువు" అన్నాడు. పొగడ్తకు పడని రాజు ఎక్కడున్నాడండీ!

తీరా పల్లకీ లేచి ఏటి నడుమకు చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. బురుజు మీద జేగంట ఖంగుమంది.

బోయీలు పల్లకీని ఉన్నచోటే నీళ్లలో దించారు. ఒడ్డెక్కి, చెట్టు నీడన సద్దిమూటలు విప్పారు. ఏరు పట్టుపరుపు మీదికెక్కింది. చండకేతు కిరీటం పట్టుకుని కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

"ఓరి దుర్మార్గుల్లారా! వచ్చి మోయండి!"

పల్లకీ వెంట వచ్చి మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ పేరంభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, ఈ బోయీలకు యజమానులు తమరే. గంట మోగాక పని చేయించారంటే కోట వాకిలికి తాళం వేయాలి. అంత పెద్ద తాళంకప్ప మన రాజ్యంలో దొరకదేమో!"

"అయితే నిబంధన ఇప్పుడే మార్చేస్తున్నా!"

"తప్పకుండా ప్రభూ. కానీ దండోరా పడందే అది అమలు కాదు కదా! దండోరా వేసేవాడికీ గంట మోగింది. ఈపాటికి పులుసన్నం కలుపుకుంటూ ఉంటాడు."

రాజు మండిపడ్డాడు. "ఏటి నడుమ ఎవడైనా పని ఆపుతాడటయ్యా! అవతలి ఒడ్డుకు చేర్చి తినొచ్చు కదా, నేనేమన్నా వద్దంటానా?"

అవతలి ఒడ్డు నుంచి గాలి ఇటు తిరిగింది. రాజు ముక్కు ఎగబీల్చాడు.

"ఛీ, ఏమిటీ మాడు వాసన?"

"సింగమ్మ బెల్లం ప్రభూ. తమరి నిబంధన తు.చ. తప్పకుండా పాటిస్తోంది. నిన్న పాకం ఒడ్డుకు చేర్చి కూలీలను కూర్చోబెట్టింది. దానికే తాళం వేయడానికి తమరు బయలుదేరారు."

చండకేతు తడిసిన పంచెను చూసుకున్నాడు, ఒడ్డున హాయిగా అన్నం తింటున్న బోయీలను చూశాడు. ఉన్నట్టుండి ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు పల్లకీ ఊగి మరిన్ని నీళ్లొచ్చాయి, దాంతో ఇంకా నవ్వాడు.

"తిననీ భట్టూ, వాళ్లను లేపకు. పాపం, ఎన్నాళ్లకు కూర్చున్నారో!" అన్నాడు.

బోయీలు చేతులు కడుక్కుని వచ్చేదాకా రాజు నీళ్లలోనే కూర్చున్నాడు. అవతలి ఒడ్డున దిగి సింగమ్మ తప్పు కొట్టేశాడు, మాడిన బెల్లానికి బదులిప్పించాడు. విశ్రాంతి ఉండాల్సిందే, కానీ చేతిలోని పని ఒడ్డుకు చేరాకే అన్నాడు. ఇకపై ఏ నిబంధన చేసినా, మార్చినా, పని చేయించేవాళ్లనూ చేసేవాళ్లనూ ముందుగా అడగాలని అక్కడికక్కడే మాటిచ్చాడు. సింగమ్మ కళ్లు తుడుచుకుని ముందురోజు దించిన బెల్లం దోసిట్లో తెచ్చిపెట్టింది.

మరునాడు నిండుకొలువులో రాజు పేరంభట్టుకు పల్లకీ మర్యాద ప్రకటించాడు. "ఎక్కి ఇంటికి వెళ్లవయ్యా!"

పేరంభట్టు ఒక కాలు పల్లకీలో పెట్టి, ఆగి, నెత్తిన ఎండను చూశాడు.

"ప్రభూ, మా ఇంటి దారిలో ఏరుంది. నేను అన్నం తిని వచ్చి ఎక్కుతాను, బోయీలనూ తినేసి రమ్మనండి" అన్నాడు.