పెంటమ్మ ఈడుపు గాలం

అనగనగా అంటే ఒక అల వెనక్కి వెళుతుంది. ఊఁ అంటే ఆ అల ఒడ్డుకు వస్తుంది. వినేవారు ఊఁ కొడుతూ ఉంటే కథ రేవు చేరుతుంది. మానేస్తే నడిసముద్రంలో నిలిచిపోతుంది.

అనగనగా ఒక రేవు. దాని పేరు గవ్వలమొగ. ముందు సముద్రం, వెనుక ఇసుకదిబ్బలు, పక్కన ఉప్పుటేరు. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడివారు మొగ అంటారు. ఆ రేవులో నలభై గుడిసెలు, ఇరవై తెప్పలు. చివరి గుడిసెకు ఆనుకుని ఉన్న తాటాకు పంచలో పెంటమ్మ ఉండేది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పురిటిలోనే పోయారు. నాలుగో బిడ్డను తల్లి చెత్తకుప్ప మీద దొర్లించి, చావు కన్నెత్తి చూడకూడదని పెంటమ్మ అని పేరు పెట్టింది. చావు ఆమెను చూడలేదు. ఆమె పెనిమిటిని చూసింది. పెళ్లయిన మూడో ఏట అతడు వేటకు వెళ్లాడు. తెప్ప తిరిగి వచ్చింది, మనిషి రాలేదు. అప్పటినుంచి పెంటమ్మ తమ్ముడు మసేను దగ్గర ఉంటూ, ఊరందరి చిరిగిన వలలూ బాగుచేసేది. ప్రతి అమావాస్యకూ ముంతెడు మంచినీళ్లు తెచ్చి అలలో పోసేది.

"సుట్టూ నీల్లే గానీ, ఆ మనిసికి తాగడానికి సుక్క నేదు" అనేది.

ఒక ఏడు కవళ్లు రాలేదు. కవళ్లంటే జానెడు పొడుగున్న వెండిరంగు చేపలు. అవి వస్తేనే వల నిండుతుంది. అవి ఉంటేనే పెద్ద చేపల గాలానికి ఎర దొరుకుతుంది. ఒక నెల చూశారు, రాలేదు. రెండు నెలలు చూశారు, రాలేదు. మూడు నెలలు చూశారు, రాలేదు. దూరాన వంజరాలనే పెద్ద చేపలు మాత్రం నీటిపైకి ఎగిరెగిరి పడుతుండేవి. మనుషులకూ ఆకలే, వంజరాలకూ ఆకలే. మధ్యలో ఎర లేదు.

అమావాస్య మరునాడు ఊరిపెద్ద, పెంటమ్మకు వరసకు మామ అయిన ఎల్లాజీ అందరినీ ఇసుకలో కూర్చోబెట్టాడు.

"పున్నమి దాకా సూద్దాం. అప్పటికీ సేప పడకపోతే తెప్పలు విప్పేద్దాం. దుంగలు కుమ్మరోల్ల ఆవానికి ఇచ్చీసి కొండోర పోదాం. మట్టి తవ్వితే కూడు పెట్టీవోడు ఎవుడో ఒకడు ఉంటాడు."

తెప్ప అంటే తాళ్లతో కట్టిన దుంగలే. తాడు విప్పితే తెప్ప ఉండదు, కట్టెలుంటాయి. మగవాళ్లు తలలు దించుకున్నారు. పెంటమ్మకు ఒక్కటే ఆలోచన. ఊరు కొండవారకు తరలిపోతే, సముద్రంలో ఉన్న మనిషికి ముంతెడు నీళ్లు ఎవరు పోస్తారు?

ఆమె లేచి నిలబడింది.

"మావా, ఎర నేకపోతే ఎరలాంటిది ఒకటి సేసి కడితే?"

"ఎరలాంటిదేటే కోడలా? అన్నం లాంటిది తిని నువ్వు బతుకుతావేటి?"

అందరూ నవ్వారు. మూడు నెలల తరువాత ఆ రేవులో వినిపించిన మొదటి నవ్వు అది.

"నాను ముట్టి సూసి తింతాను మావా. సేప సూసి మింగుద్ది" అంది పెంటమ్మ.

ఎల్లాజీ గడ్డం గోక్కున్నాడు. "సెయ్యి. సేతులు నీయి, కర్ర నీది. మాదేటి పోద్ది?" అన్నాడు.

పెంటమ్మ అంకుడు కర్ర తెచ్చింది. కవళ్ల చేపలాగే చెక్కింది. రెక్కలు తీర్చింది, పొలుసు పొలుసుకూ గీత పెట్టింది, కళ్లకు గురివింద గింజలు పొదిగింది. తోక కింద గాలం బిగించింది. తాడు కట్టి, ఉప్పుటేటి గట్టు మీద తాను నడుస్తూ దానిని నీళ్లలో నడిపించింది. అది ఒద్దికగా వెంట వచ్చింది.

గట్టు మీది ఆడవాళ్లు ఆగి చూశారు. "ఒలమ్మా, పెంటమ్మ దూడని నీల్లకి తోలుకొచ్చినాదే! పాలెన్ని ఇస్తాది?" అన్నారు.

కొత్త వలకైనా, కొత్త గాలానికైనా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టనిదే ఆ రేవులో నీళ్లకు దించరు. ఎల్లాజీ తన చేత్తోనే కర్రచేపకు పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు. మసేను దానిని తెప్ప వెనుక పొడుగాటి తాడుకు కట్టి, తెరచాప ఎత్తి, సముద్రం మీద ఈడ్చుకుంటూ పోయాడు. ఈడుపు గాలం అంటే అదే.

పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చాడు. తాడు మెలికలు పడి కట్టెలమోపులా ఉంది.

"అప్పా, గట్టు మీద బాగానే నడిసినాది. తెప్ప ఎనకాల బొంగరంలా తిరిగినాది. బొంగరాన్ని ఏ సేప తింటాది?" అన్నాడు. అక్కను అప్ప అని పిలవడం అక్కడి అలవాటు.

పెంటమ్మ తాడు విప్పుకుంది, చుట్టుకుంది, ఇంటికి వెళ్లింది.

రెండోసారి కోడి ఈకలు తెచ్చింది. తెల్లవి ఏరింది, కట్టగా కట్టింది, మధ్యలో గాలం దాచింది. బరువుకు గవ్వ కట్టింది. గట్టు మీద నడిపించింది. ఈకలు ఊపిరి తీస్తున్నట్టు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి. ఎల్లాజీ పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు. మసేను ఈడ్చుకుంటూ పోయాడు.

సాయంత్రం తెప్ప తిరిగి వస్తుంటే మగవాళ్లు కేకలు వేస్తున్నారు. పడింది కాబోలు అని పెంటమ్మ నీళ్లలోకి మోకాలిదాకా పరుగెత్తింది. పడిన మాట నిజమే. కానీ పడింది సముద్రపు కాకి. అది రెక్కలు కొట్టుకుంటూ, మసేను చెవి పొడిచి, ఈకల కట్టను ముక్కుతో పీకి ఎగిరిపోయింది.

"గాలం నీల్లమీద గెంతుతుంటే కాకి ఎగరేసుకుపోనాదప్పా" అన్నాడు మసేను, చెవి పట్టుకుని.

"కోడలా, ఒకపాలి బొంగరం, ఒకపాలి కాకి. మూడోపాలికి గేదె పడుద్దేమో, పలుపు తెచ్చుకుంటాను" అన్నాడు ఎల్లాజీ.

రేవంతా నవ్వింది. పెంటమ్మ తాడు విప్పుకుంది, చుట్టుకుంది, ఇంటికి వెళ్లింది. పున్నమికి ఇక తొమ్మిది రోజులు.

ఆ పూట ఆమె వల ముట్టలేదు. గట్టు మీద చక్కగా నడిచినది తెప్ప వెనుక ఎందుకు నడవదు? తాను నడిపించింది తన నడకతో. తెప్ప పోయేది గాలి నడకతో. ఆ నడక ఎంతో తనకు తెలియదు. ఆడది తెప్ప ఎక్కకూడదన్నది ఆ రేవు కట్టుబాటు. పుట్టినప్పటినుంచి సముద్రం ఒడ్డునే ఉన్నా, తెప్ప వెనుక నీళ్లు ఎలా ఉంటాయో ఆమె ఏనాడూ చూడలేదు.

ఎల్లాజీ దగ్గరకు వెళ్లింది. "మావా, ఒక్కపాలి తెప్ప ఎక్కి సూస్తాను."

ఎల్లాజీ నవ్వు ఆగిపోయింది. "ఆ మాట ఇంకోపాలి అనకు" అన్నాడు.

పెంటమ్మ మొగ దగ్గర కూర్చుంది. అది ఆటు వేళ. సముద్రం వెనక్కి తగ్గుతుంటే ఏటి నీళ్లన్నీ ఒక్కసారిగా మొగలోంచి బయటికి పారుతున్నాయి. ఒక కొబ్బరి డొప్ప ఆమె ముందునుంచి బాణంలా పోయింది. పెంటమ్మ లేచి మసేనును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"తెరసాప నిండా గాలుంటే తెప్ప పక్కన నీల్లు ఇంత జోరుగా పోతాయేట్రా?"

మసేను చూశాడు. "ఇంతే అప్పా. సరిగ్గా ఇంతే."

"అయితే నాను తెప్ప ఎక్కక్కర్నేదు. తెప్ప నీల్లలో పరిగెడితే ఏటి, నీల్లే నా పక్కన పరిగెడితే ఏటి?"

మరునాడు మొగ మధ్యలో సరుగుడు గుంజ పాతించింది. నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడు గుంజకు కట్టి, ఛాతీ లోతు నీళ్లలో ఆటుకు ఎదురు నిలబడింది. గాలం తాడు కూడా గుంజకే కట్టి నీళ్లలోకి వదిలింది. కర్రచేప బొంగరంలా తిరిగింది. మళ్లీ కట్టిన ఈకల కట్ట నీటిపై గెంతింది. మసేను సముద్రం మీద చూసినదంతా ఆమె మొగలో నిలబడి చూసింది.

తరువాత ఎవరూ చేయని పని చేసింది. తాడు పట్టుకుని మునిగింది. గాలం కిందికి వెళ్లి, ఉప్పునీళ్లలో కళ్లు తెరిచి, పైకి చూసింది.

గురివింద కళ్లు కనబడలేదు. గీసిన పొలుసులు కనబడలేదు. పైన వెలుగు, ఆ వెలుగులో నల్లటి పుల్ల. అంతే. ఒక చిన్న ఏటి చేప ఆమె పైనుంచి ఈదుకుంటూ పోయింది. దాని పొట్ట తళుక్కుమంది, ఆరింది, మళ్లీ తళుక్కుమంది.

పెంటమ్మ దగ్గుతూ పైకి లేచింది. మసేను గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"మనం సేపని పైనుంచి సూసి అందం సెక్కినాంరా. సేప సేపని కిందనుంచి సూస్తాది. దానికి కల్లొద్దు, రెక్కలొద్దు. తలుకు ఒక్కటే కావాల."

ఆమె ఒక ముత్యపుచిప్ప తీసుకుంది. వేలెడంత ముక్క కోసింది. ఒక కొసకు బెజ్జం వేసింది, రెండో కొసకు గాలం కట్టి తెల్లటి పీచుతో కప్పింది. ఆటు వేళకు నీళ్లలో పెట్టింది. తిరిగింది. ఒక అంచు రాతి మీద అరగదీసింది. గెంతింది. రెండో అంచు అరగదీసింది. మునిగింది, చూసింది, లేచింది, అరగదీసింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఏడు రోజులు. నడుము చుట్టూ తాడు ఒరుసుకుని తోలు లేచింది. కళ్లు గురివిందలయ్యాయి. ఊరి ఆడవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు. ఒకరు గంజి తెచ్చి గట్టున పెడుతున్నారు, ఒకరు ఎండిన కోక తెచ్చి పెడుతున్నారు.

ఏడో రోజు చిప్ప తిరగలేదు, గెంతలేదు. అటు ఒరిగి తళుక్కుమంది, ఇటు ఒరిగి ఆరింది.

మసేను ఆనందం పట్టలేక ఇంటికి పరుగెత్తాడు. నూనెలో కలిపిన పసుపు తెచ్చి చిప్పకు రాశాడు, బొట్టు పెట్టాడు. పెంటమ్మ అలవాటుగా దానిని మరోసారి నీళ్లలో పెట్టి, మునిగి చూసింది. తళుకు లేదు. దీపం ఆర్పినట్టు ఉంది. ఆమె పైకి వచ్చి ఇసుకతో, చింతపండుతో, మళ్లీ ఇసుకతో తోమింది. చీకటి పడేసరికి చిప్పకు వెలుగు తిరిగి వచ్చింది.

తెల్లవారింది. పున్నమి వచ్చింది. మసేను తెప్ప ఒక్కటే ఇసుకమీదినుంచి కదిలింది. ఎల్లాజీ పసుపు గిన్నె పట్టుకుని వచ్చాడు. చిప్ప మీదికి చెయ్యి చాచాడు. పెంటమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

ఊరిపెద్ద చెయ్యి ఒక ఆడది పట్టుకోవడం ఆ రేవు అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"ఒద్దు మావా. పసుపు రాస్తే తలుకు సస్తాది. నాను కింద మునిగి సూసినాను."

"పసుపు నేకుండా గాలం దించితే గంగమ్మ ఊరుకుంటాదా?"

"గంగమ్మ గాలంలో ఉందా మావా, నీల్లలో ఉందా? నీల్లలోనే ఉంటే బొట్టు నీల్లకే పెట్టు. తెప్ప ఎక్కొద్దన్నావు, ఎక్కనేదు. నా మాటనయినా ఎక్కనీ."

ఎల్లాజీ ఆమె ముఖం చూశాడు. ఎర్రటి కళ్లు చూశాడు. తాడు ఒరుసుకున్న నడుము చూశాడు. అప్పుడు వంగి, పసుపు కుంకుమలు అలలో కలిపాడు. తెడ్డు తీసుకుని తెప్ప మీద కూర్చున్నాడు.

"పద మసేనూ. తప్పు జరిగితే గంగమ్మకి ముందు నాను కనబడాల" అన్నాడు.

పెంటమ్మ ఒడ్డున నిలబడింది. తెరచాప చిన్నదయింది. చుక్క అయింది. లేకుండా పోయింది. కూర్చోమన్నారు, కూర్చోలేదు. తాగమన్నారు, తాగలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగింది. అప్పుడు తెరచాప కనబడింది. తెప్ప నీళ్లలోకి కుంగి నెమ్మదిగా వస్తోంది.

మసేను ముందుగా దూకాడు. ఒక వంజరాన్ని ఇసుక మీద పడేశాడు. ఆమె భుజం ఎత్తు ఉంది. రెండోదాన్ని పడేశాడు. మూడోదాన్ని ఎల్లాజీ ఎత్తలేక ఈడ్చుకొచ్చాడు. తాడు కోసుకుపోయిన అరచేతులనుంచి రక్తం కారుతోంది, మనిషి మాత్రం నవ్వుతున్నాడు.

"కోడలా, పలుపు అక్కర్నేకపోనాది!"

పెంటమ్మ ఇసుకలో కూలబడి, చిప్పగాలాన్ని ఒడిలో పెట్టుకుని, పంటిగాట్లు ఎక్కడ పడ్డాయో వేలితో తడిమి చూసింది. ఆ గాట్లను బట్టి తరువాతి చిప్పను ఎక్కడ కోయాలో అప్పుడే లెక్క వేసుకుంది.

ఆ పున్నమికి ఒక్క తెప్ప కూడా విప్పలేదు. మరుసటి అమావాస్యకు పెంటమ్మ ముంత పట్టుకుని మామూలుగానే అల దగ్గరకు వెళ్లింది. తరువాత ఇరవై తెప్పలకూ ఇరవై గాలాలు చేసింది. ఒక్కదానినీ మొగలో పెట్టి చూడకుండా ఎవరికీ ఇవ్వలేదు. "నిన్నటిది మంచిదే కదప్పా, ఇదీ అలాంటిదే కదా" అని ఎవరైనా తొందరపెడితే, "నిన్నటి నీల్లు ఏయిరా?" అనేది. ముసలిదయ్యాక గుంజకు ఆనుకుని కూర్చుని చూసేది. చివరికి ఒక పగటిపూట, ఆటు వేళకే కన్నుమూసింది. ఆమెను మోయడానికి నలుగురు చాలు. కానీ రేవులోని మగవాళ్లంతా వంతులు మార్చుకుంటూ మోశారు.

గవ్వలమొగలో ఇప్పటికీ కొత్త గాలానికి బొట్టు పెట్టరు, నీళ్లకు పెడతారు. మొగలోని గుంజ పుచ్చిపోతే ఊరంతా కలిసి అదే చోట మరొకటి పాతుతారు. దానిని పెంటమ్మ గుంజ అంటారు. ఎవరైనా కొత్త వస్తువు చేసి, బాగుందని తామే మురిసిపోతుంటే, పెద్దవాళ్లు అడిగేది ఒక్కటే మాట: "పెంటమ్మకు చూపించావా?"

ఈ కథను మొదట నాకు చెప్పినది మా నాయనమ్మ, సూరాడ కారమ్మ.